పసుపాకులో ఇనుము

మా ఊరు కర్నూలు వైపు. సున్నం ఎక్కువున్న నల్లరేగడి. అందులో వేరుశనగ వేస్తే, వానలు గట్టిగా పడ్డాక లేతాకులు పసుపెక్కేవి. ఈనెలు మాత్రం పచ్చగా ఉండేవి. ఇనుపధాతు లోపం. పీహెచ్‌డీకి దాన్నే తీసుకున్నా. గైడ్ బోటనీ, కో-గైడ్ ఇనార్గానిక్ కెమిస్ట్రీ. ఐస్‌ డబ్బా పట్టుకుని రెండు బిల్డింగుల మధ్య తిరగడం నా పని.

మొదటి ఆరు నెలలు దండగ. ఆకులు ఎండబెట్టి, పొడి చేసి, నైట్రిక్ ఆమ్లంలో మరిగించి, ఉన్న ఇనుమంతా కొలిచా. చూస్తే పచ్చాకు కంటే పసుపాకులోనే ఎక్కువ! మట్టి అంటుకుందేమోనని పల్చటి ఆమ్లంలో, ఆపైన డిస్టిల్డ్ వాటర్‌లో కడిగా. కత్తెర మీద కూడా అనుమానమొచ్చి ప్లాస్టిక్ కత్తి కొన్నా. అంకెలు తగ్గాయి గానీ పసుపాకుదే పైచేయి. టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

నా పట్టిక చూసి కో-గైడ్ ఒకటే అడిగారు: "ఇనుమంటే ఏ ఇనుమమ్మా?"

నిజమే, నేను ఇనుమని రాసి ఊరుకున్నా. కెమిస్ట్రీ వాళ్లకు ఇనుములోనే రెండు రూపాలు: ఫెర్రస్, ఫెర్రిక్. ఆకుకు పనికొచ్చేది ఫెర్రస్. కత్యాల్, శర్మ అనే మనవాళ్లు 1980లోనే దీనికో పద్ధతి చెప్పారు. ఆకును ఎండబెట్టకూడదు. పచ్చిగానే తరిగి, పీహెచ్ 3 దగ్గరున్న, అంటే పుల్లటి, ఆర్థో-ఫినాంత్రోలిన్ అనే రసాయన ద్రావణంలో రాత్రంతా నాననివ్వాలి. అది ఫెర్రస్‌ను పట్టుకుని నారింజ రంగుకు తిరుగుతుంది. రంగు ఎంత చిక్కనో 510 నానోమీటర్ల దగ్గర కొలవాలి.

పొద్దున్నే వెళ్లి చూస్తే పచ్చాకు సీసా ముదురు నారింజ, పసుపాకు సీసా వెలిసిన టీ నీళ్లలా ఉంది. మెషీన్‌లో పెట్టకముందే అర్థమైపోయింది. ఇనుము ఆకు దాకా వచ్చింది, పనికొచ్చే రూపంలో లేదు. విచిత్రమేంటంటే పత్రహరితం నడుమ ఉండేది మెగ్నీషియం. ఇనుము అందులో ఉండదు, దాని తయారీకి మాత్రం కావాలి.

వేర్ల సంగతి ఇంకో ఏడాది పట్టింది. వేరుశనగ వేరు చుట్టూ ఆమ్లం వదిలి, ఫెర్రిక్‌ను ఫెర్రస్‌గా మార్చి తీసుకుంటుంది. సున్నం భూమి ఆ ఆమ్లాన్ని అక్కడికక్కడే మింగేస్తుంది. మొక్కజొన్న లాంటి గడ్డిజాతి వేర్లయితే ఫెర్రిక్‌ను కరిగించి పట్టుకునే పదార్థాన్నే వదులుతాయి. అందుకే పక్కన మొక్కజొన్న ఉంటే వేరుశనగకూ మేలని చైనాలో గమనించారు.

ఆఖరి పంటకు మా చేన్లోనే ట్రయల్ పెట్టా. లీటరు నీళ్లకు 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఆకుల మీద కొట్టడం. నిమ్మ ఉప్పు ఎందుకని నాన్న అడిగితే, అది వేయని బకెట్ చూపించా. మధ్యాహ్నానికి అడుగున తుప్పు పేరింది. సరేనన్నాడు. పోల్చి చూసుకోడానికి నాలుగు సాళ్లు మందు కొట్టకుండా వదిలేయమని చెప్పి యూనివర్సిటీకి వెళ్లా.

వారం తర్వాత వచ్చేసరికి చేనంతా పచ్చగా ఉంది, ఆ నాలుగు సాళ్లతో సహా.

"పసుపుగా ఉంటే చూళ్లేకపోయా తల్లీ" అన్నాడు నాన్న. ట్రయల్ మళ్లీ వేయడానికి ఇంకో ఏడాది.