తీగలు మార్చకుండా తిప్పేసిన గిటార్: పుర్రచేతి సాధన, నల్గొండ

మొదటి వారం: గిటార్ కుడిచేతివాళ్ల స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్ తరహా ఎలక్ట్రిక్ గిటార్) మోడల్. ఎడమచేత్తో కొట్టి, కుడిచేత్తో నొక్కేలా తిప్పి పట్టుకున్నాం. తీగలు విప్పలేదు. ఎడమచేతి గిటారిస్ట్ జిమి హెండ్రిక్స్‌లాగా తీగలు తిరగేసి కడితే నట్ (మెడ చివర తీగలు కూర్చునే పట్టీ) గాట్లు కొత్తగా కోయాలి. సన్న E తీగ 0.010 అంగుళం, లావు E తీగ 0.046. లావుది సన్న గాటులో దిగదు, సన్నది లావు గాటులో అటూఇటూ కదిలి గరగరమంటుంది. ఆల్బర్ట్ కింగ్, డిక్ డేల్ అనే గిటారిస్టుల పద్ధతిలో ఉన్నదున్నట్టు తిప్పేస్తే నట్, బ్రిడ్జి (ఒంటి మీద తీగలు ఆనే భాగం) ముట్టక్కర్లేదు, ఇంటొనేషన్ (మెడ పొడవునా శ్రుతి సరిగ్గా పలకడం) చెడదు. సన్న తీగ పైకి, లావుది నేల వైపుకు వస్తాయి.

రెండో వారం: స్ట్రాప్ బటన్‌ను (భుజం పట్టీ తగిలించే బొత్తం) గిటార్ ఒంటికున్న రెండు కొమ్ముల్లో పొట్టిదానికి, అంటే తిప్పాక పైకొచ్చేదానికి, మార్చడం. మాస్కింగ్ టేప్ అంటించి, 2.5 మి.మీ. బిట్‌తో 22 మి.మీ. లోతు రంధ్రం, లోతు గుర్తుకు బిట్‌కే టేప్ చుట్టాలి. స్క్రూకు సబ్బు రుద్దాలి. రంధ్రం లేకుండా స్క్రూ ఎక్కిస్తే చెక్క చీలుతుంది, లేదా స్క్రూ తల తెగిపోతుంది. పొట్టి కొమ్ము వెనకబడి ఉంటుంది కాబట్టి మెడ కిందికి దిగుతుంది. నైలాన్ స్ట్రాప్ జారింది. లోపలి వైపు గరుకుగా ఉన్న వెడల్పాటి తోలుది నిలిచింది.

వాల్యూమ్ నాబ్ ముంజేతికి తగిలి పాట మధ్యలో సౌండ్ పడిపోతోంది. మొదటి, మూడో పాట్ల (నాబ్‌ల కింద సౌండ్‌ను మార్చే భాగాలు) స్థానాలు మార్చాం. వైర్లు అందక 8 సెం.మీ. ముక్కలు సోల్డర్ చేయాల్సొచ్చింది. ట్రెమొలో కడ్డీ (స్వరాన్ని ఊపడానికి బ్రిడ్జికి ఉండేది) తీసేశాం.

మూడు నుంచి ఆరో వారం: అసలు కష్టం కుడిచేతి నొక్కుడులో కాదు, ఎడమచేతి కొట్టుడులో. కిందికి కొడితే సన్న తీగ ముందు పలుకుతుంది. బేస్ ముందు రావాలంటే పైకి కొట్టాలి. మెట్రోనోమ్ (లయ చూపే పరికరం) నిమిషానికి 60 దెబ్బల మీద పైకి మాత్రమే కొడుతూ మొదలుపెడితే ఇప్పుడు 84 దగ్గర లయ తప్పట్లేదు. E మేజర్ కార్డ్‌కు (కలిపి మోగించే స్వరాలు) చూపుడువేలు G తీగ 1వ ఫ్రెట్ (మెడ మీది లోహపు అడ్డగీత), మధ్యవేలు D తీగ 2వ ఫ్రెట్, ఉంగరపువేలు A తీగ 2వ ఫ్రెట్: ఇది తేలికే. బొటనవేలితో మెడ మీదుగా బేస్ నొక్కడం మాత్రం కుదరదు, ఆ తీగ అవతలి అంచున ఉంటుంది. చిటికెనవేలే ఆ పని చేయాలి.

బెండ్‌లో (తీగను పక్కకు లాగి స్వరం పెంచడం) మాత్రం లాభమే లాభం. సన్న తీగను పై అంచు నుంచి కిందికి లాగుతాం. చేతి బరువంతా తోడొస్తుంది, తీగ ఫ్రెట్‌బోర్డ్ దాటిపోదు. B తీగ 8వ ఫ్రెట్‌లో నిండు స్వరం (రెండు ఫ్రెట్ల ఎత్తు) బెండ్ సరిగ్గా పడుతోంది, ట్యూనర్‌తో చూశాం.

ఎండాకాలం గాలి పొడిబారి మెడ వెనక్కి వంగింది. మొదటి ఫ్రెట్లలో గరగర. ట్రస్ రాడ్ (మెడ లోపల వంపు సరిచేసే ఇనుప కడ్డీ) పావు చుట్టు వదులు చేయాలి, తర్వాత ఒక రోజు ఆగి చూడాలి. ఆ తర్వాత G మేజర్ కార్డ్ సాధన.