కొండాపూర్ నుంచి బీరంగూడకి: అద్దె తగ్గిందనుకునే ముందు వేయాల్సిన లెక్కలు

హైదరాబాద్‌లో మాదాపూర్, కొండాపూర్ వైపు డబుల్ బెడ్‌రూమ్ అద్దె, ఇద్దరు పిల్లల ఫీజులు కట్టేసరికి జీతంలో మిగిలేది అంతంత మాత్రం. అందుకే చిన్నపిల్లలున్న ఇళ్లవాళ్ల చూపు శివార్లలోని బీరంగూడ, అమీన్‌పూర్, పటాన్‌చెరు, లేదంటే అటు ఘట్‌కేసర్, ఇటు మేడ్చల్ వైపు మళ్లుతోంది. వెళ్లడం మంచి ఆలోచనే. కానీ చాలామంది పాత అద్దెలోంచి కొత్త అద్దె తీసేసి, తేడా అంతా మిగులే అనుకుంటారు. తప్పు అక్కడే మొదలవుతుంది.

ఒక లెక్క వేద్దాం. కొండాపూర్‌లో 32,000, బీరంగూడలో 18,000 అద్దె అనుకుందాం. తేడా 14,000. ఆఫీసు హైటెక్ సిటీలో. ఇదివరకు రానూపోనూ 10 కిలోమీటర్లు, ఇప్పుడు 40. అదనంగా రోజుకి 30 కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో కారు లీటరుకి 12 కిలోమీటర్లు ఇస్తుందని, లీటరు పెట్రోలు 107 రూపాయలని అనుకుంటే 22 రోజులకి దాదాపు 5,900. అదే 45 మైలేజీ ఇచ్చే బైకు మీదైతే 1,600 లోపే. స్కూలు ఇదివరకు నడిచివెళ్లే దూరం, ఇప్పుడు ఇద్దరికీ బస్సు, తలకి 2,000 అనుకుంటే 4,000. వేసవిలో నీళ్ల ట్యాంకర్లకి మన వాటా 2,600 (ఈ అంకె ఎలా వచ్చిందో కింద చెప్తాను). కారువాడికి చివరికి మిగిలేది 1,500. బైకువాడికి 5,800. అద్దె ఒక్కటే, ఇల్లూ ఒక్కటే. మీ అంకెలు వేరుగా ఉంటాయి కానీ ఈ నాలుగు గళ్లూ నింపకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

చూడాల్సిన వరుస కూడా మామూలుగా అందరూ చేసేదానికి తిరగేసి ఉండాలి. ముందు స్కూలు, తర్వాత దారి, ఆ తర్వాత నీళ్లు, ఆఖర్న ఇల్లు. ఇల్లు నచ్చితే మిగతావన్నీ సర్దుకుపోదాంలే అనిపిస్తుంది, అందుకని దాన్ని చివరికి పెట్టాలి.

స్కూలు విషయంలో ఫీజుకంటే ముందు అడగాల్సింది బస్సు రూటు. మీ వీధి మొదటి స్టాపా, చివరి స్టాపా? మొదటిదైతే యూకేజీ పిల్లవాడు పొద్దున్నే ఎక్కి ఊరంతా చుట్టి దిగుతాడు. తెలంగాణలో బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు కాబట్టి టీసీ పని ఏప్రిల్‌లోనే మొదలుపెట్టాలి. బాకీ పూర్తిగా కడితేగానీ ప్రైవేటు స్కూళ్లు టీసీ చేతికివ్వవు. టీసీ కాగితం వచ్చినా పని అయిపోదు. పిల్లల వివరాలు నమోదయ్యే ప్రభుత్వ యూడైస్ పోర్టల్‌లో పాత స్కూలు పిల్లవాణ్ణి రిలీజ్ చేయాలి. అందులో పిల్లవాడికి ఉండే శాశ్వత నంబర్ (పెన్) రాసుకుని రండి. ఆ రిలీజ్ జరగకపోతే కొత్త స్కూలు పిల్లవాడి పేరు ఎక్కించుకోలేదు, రెండు ఆఫీసుల మధ్య మీరు తిరగాలి. స్టేట్ సిలబస్ నుంచి సీబీఎస్ఈకి మారుస్తుంటే ఒకటో తరగతి వయసు నిబంధన ముందే అడగండి. ఆరేళ్లు నిండాలనే చోట యూకేజీ మళ్లీ చదివించాల్సి వస్తుంది.

దారి సంగతి. ఆదివారం మధ్యాహ్నం ఖాళీ రోడ్డు మీద వెళ్లి 'అరగంటేగా' అనుకోవడం అందరూ చేసే పని. సోమవారం ఉదయం 8:30కి ఆ ఇంటి గుమ్మం దగ్గర బయల్దేరి ఆఫీసు లిఫ్ట్ దాకా వెళ్లి చూడాలి, సాయంత్రం ఆరింటికి తిరుగు ప్రయాణమూ చేయాలి. బీరంగూడ నుంచి వచ్చేవాళ్లకి బీహెచ్‌ఈఎల్, లింగంపల్లి దాటడమే అసలు పరీక్ష. ఘట్‌కేసర్ వైపు చూసేవాళ్లకి ఉప్పల్–నారపల్లి రోడ్డు ఉంది. అక్కడ ఫ్లైఓవర్ పని 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగి జనం ఓపికని పరీక్షించింది. 'ఇదిగో అయిపోతుంది' అనే మాట నమ్మి అద్దె ఒప్పుకోకూడదు, ఈరోజు ఉన్న రోడ్డునే లెక్కలోకి తీసుకోవాలి.

నగరంలో తిరిగే లోకల్ రైలు ఎంఎంటీఎస్ చవక, సందేహం లేదు. లింగంపల్లిలో ఎక్కి హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగొచ్చు. సనత్‌నగర్–మౌలాలి లైను మీదుగా 2024 మార్చి 5న ఘట్‌కేసర్–లింగంపల్లి రైలు కూడా మొదలైంది. అయితే లైను ఉండటం వేరు, మీ షిఫ్టు టైముకి బండి ఉండటం వేరు. టైంటేబుల్‌లో మీకు పనికొచ్చే బండి ఒకటి తప్పితే తర్వాతది ఎప్పుడో చూడండి. స్టేషన్ దిగాక ఆఫీసుకి ఆటో ఖర్చు కలపండి.

ఇంట్లో ఆడవాళ్లు ఉద్యోగానికి వెళ్తుంటే మహాలక్ష్మి పథకం లెక్కని బాగా మార్చేస్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ డబ్బు లేదు. మెలిక ఏంటంటే గుర్తింపు కార్డులో తెలంగాణ చిరునామా ఉండాలి. ఆంధ్రా నుంచి వచ్చి ఏళ్లయినా గుంటూరు, భీమవరం ఆధార్‌తోనే తిరిగేవాళ్లకి జీరో టికెట్ ఇవ్వరు. చిరునామా మారిస్తే అక్కడి రేషన్ కార్డు, పథకాల సంగతేంటో ముందు ఇంట్లో తేల్చుకోండి.

ఇక నీళ్లు. శివారు జీవితంలో సగం తగాదాలు దీని చుట్టూనే. మనిషికి రోజుకి 135 లీటర్లు అనే ప్రామాణిక లెక్కన నలుగురికి 540 లీటర్లు. 20 ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్‌కి రోజుకి 10,800. బోరు ఎండితే 5,000 లీటర్ల ట్యాంకర్లు నెలకి 65 కావాలి. ఒక్కోటి 800 అనుకుంటే 52,000, ఫ్లాటుకి 2,600. నగరంలో నెలకి 20,000 లీటర్ల ఉచిత నీళ్లకి అలవాటుపడ్డవాళ్లకి ఇది గట్టి దెబ్బే. ఇల్లు అక్టోబర్‌లో చూస్తే బోరు నిండుగా పోస్తుంది, ఏమీ తెలియదు. ఏప్రిల్ చివర్లో, మే నెలలో చూడండి. వాచ్‌మన్‌ని పక్కకి పిలిచి 'పోయిన మేలో రోజుకి ఎన్ని ట్యాంకర్లు దిగాయి?' అని అడగండి. ఓనరు చెప్పనిది ఆయన చెప్తాడు.

నీళ్ల తీరు కూడా చూడాలి. బాత్రూమ్ కుళాయి మొదట్లో, షవర్ రంధ్రాల చుట్టూ తెల్లగా గట్టిపడిన పొర గోటికి ఊడి రాకపోతే అది లవణాలు ఎక్కువున్న కఠిన జలం. గీజర్ కాయిల్ త్వరగా పోతుంది, కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటుంది. నీళ్లలో కరిగిన లవణాలని కొలిచే టీడీఎస్ మీటరు చిన్న పెన్నులా ఉంటుంది, వెంట తీసుకెళ్లండి. తాగునీటి ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే దారి లేనిచోట 2,000 వరకు ఒప్పుకుంటారు. అంకె 1,000 దాటితే ఇంట్లో నీళ్లు శుద్ధిచేసే ఆర్వో యంత్రంలోని వడపోత పొర (మెంబ్రేన్) మీద భారం పడుతుంది, దాని మార్పిడి ఖర్చు రాసుకోండి. పటాన్‌చెరు చుట్టుపక్కల భూగర్భ జలాల్లో పారిశ్రామిక కాలుష్యం పాత సమస్య. దాన్ని టీడీఎస్ మీటరు పట్టలేదు. పసిపిల్లలున్న ఇల్లైతే ఒక సీసా నీళ్లు ల్యాబ్‌కి పంపించి ఫ్లోరైడ్, నైట్రేట్, భార లోహాల పరీక్ష చేయించడం మంచిది.

బొల్లారం, పాశమైలారం పరిశ్రమలకి దగ్గరైతే రాత్రి పది దాటాక ఒకసారి వెళ్లి గాలి పీల్చి రండి. నాగారం, దమ్మాయిగూడ వైపైతే జవహర్‌నగర్ డంప్ యార్డు నుంచి గాలి ఎటు వీస్తుందో పక్కింటివాళ్లే చెప్తారు.

ఇంటి దగ్గర చూడాల్సినవి తక్కువే, అయినా ఒకటి అందరూ వదిలేస్తారు: కరెంటు మీటరు. ఒకే మీటరు మీద రెండు మూడు వాటాలకి సబ్‌మీటర్లు పెట్టిన ఇల్లైతే, అందరి యూనిట్లూ కలిసి 200 దాటి మొత్తం పై స్లాబులోకి పోతుంది. మీరు 120 వాడినా ఎక్కువ రేటే కడతారు. బిల్లు మీద యూఎస్‌సీ నంబర్ (కనెక్షన్ నంబర్) చూసి, అది మీ వాటాకే విడిగా ఉందని తేల్చుకోండి.

అగ్రిమెంటు 11 నెలలకి రాస్తారు. రిజిస్ట్రేషన్ తప్పించుకోవాలని వచ్చిన అలవాటు అది. అందులో నోటి మాటగా వదలకూడనివి: ట్యాంకర్ ఖర్చు మెయింటెనెన్స్‌లో కలిపా, విడిగానా, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారు, ఏటా ఎంత శాతం పెంచుతారు. పిల్లలు ఇంకా బడికి వెళ్లని ఇళ్లవాళ్లు, పట్టింపు లేకపోతే ఆషాఢంలో బేరమాడండి. కొత్తగా దిగేవాళ్లు దొరకక ఖాళీ ఇంటి ఓనర్లు ఆ నెలలో కాస్త మెత్తబడతారు.

సామాను దించే రోజు గురించి రెండే మాటలు. ఫ్రంట్‌లోడ్ వాషింగ్ మెషీన్ వెనక ట్రాన్సిట్ బోల్టులు బిగించకుండా డీసీఎం వ్యాన్ ఎక్కిస్తే డ్రమ్ము దెబ్బతింటుంది. ఏసీని ఊడదీసేవాడు గ్యాస్‌ని అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాక్కోకుండా పైపు విప్పితే కొత్తింట్లో మళ్లీ గ్యాస్ నింపించాలి, పక్కన నిలబడి చూసుకోండి.

వంటగ్యాస్‌కి ఒకే నగర పరిధిలో డీలరు మారితే సిలిండర్, రెగ్యులేటర్ వెంట తెచ్చుకోవచ్చు, ట్రాన్స్‌ఫర్ కాగితం చాలు. వేరే ఊరి కిందికి లెక్కవేస్తే రెండూ అప్పగించి డిపాజిట్ వెనక్కి తీసుకోవాలి. అమీన్‌పూర్, బీరంగూడ ఉన్నది సంగారెడ్డి జిల్లాలో కాబట్టి మీ ఏజెన్సీ ఏ లెక్కలో వేస్తుందో ముందే ఫోన్ చేసి అడగండి. బండి ఆర్సీలో చిరునామా 30 రోజుల్లో మార్పించాలి, ఓటుకి ఫారం 8. పిల్లల టీకా కార్డు మాత్రం సామాను అట్టపెట్టెల్లో వేయకుండా చేతిసంచిలో ఉంచుకోండి. 16–24 నెలల మధ్య డీపీటీ బూస్టరు, రెండో మీజిల్స్-రుబెల్లా డోసు తప్పిపోయేది సరిగ్గా ఇల్లు మారే గందరగోళంలోనే.