ఇన్‌కన్సిస్టెంట్ అంటే నిలకడ లేదనా, పొంతన లేదనా?

బెంగళూరు స్కూళ్ళలో పీటీఎం (తల్లిదండ్రులు, టీచర్ల సమావేశం) రోజున తెలుగు తల్లిదండ్రుల చెవిన తరచూ పడే మాట: "హి ఈజ్ ఇన్‌కన్సిస్టెంట్ ఇన్ మ్యాథ్స్." పొద్దున మారతహళ్ళిలో విన్న ఆ మాటే సాయంత్రం అనంతపురానికి ఫోన్ చేసేసరికి "వీడికి నిలకడ లేదంటున్నారమ్మా" అయిపోతుంది. పిల్లాడు పక్క సోఫాలో కూర్చుని అంతా వింటూనే ఉంటాడు. టీచరమ్మ చెప్పింది మార్కుల సంగతి, ఇంట్లో చెప్పుకున్నది మనిషి సంగతి. తెలుగులో "నిలకడ లేదు" అంటే గుణానికి తగిలే మాట, పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించి అనే మాట. ఎనిమిదేళ్ళ పిల్లాడికి దాన్ని అంటగట్టకూడదు. "లెక్కల్లో ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా వస్తున్నాయట" అంటే టీచరు చెప్పిందే చెప్పినట్టు.

ఈ ఇంగ్లీషు మాట రెండు పనులు చేస్తుంది. ఒకటి, ఒకే పని తడవకో తీరుగా సాగడం. క్రికెట్ కామెంటరీలో "ఇన్‌కన్సిస్టెంట్ బౌన్స్" అంటారే, అది. ఒకేచోట పడ్డ బంతి ఒకసారి మోకాలి కిందుగా పోతుంది, మరోసారి ఛాతీ దాకా లేస్తుంది. రెండోది, రెండు విషయాలు ఒకదానితో ఒకటి కుదరకపోవడం. తెలుగులో దీన్ని పొంతన లేకపోవడం అంటాం. వెనకాల వచ్చే చిన్నమాటను బట్టి ఏ అర్థమో చెప్పేయవచ్చు. "ఇన్", "అబౌట్" వస్తే మొదటిది: ఇన్‌కన్సిస్టెంట్ ఇన్ స్పెల్లింగ్, ఇన్‌కన్సిస్టెంట్ అబౌట్ హోంవర్క్. "విత్" వస్తే పొంతన: "హిజ్ ఆన్సర్ ఈజ్ ఇన్‌కన్సిస్టెంట్ విత్ ద గ్రాఫ్", అంటే గ్రాఫ్ ఒకటి చూపిస్తోంది, జవాబు ఇంకోటి చెబుతోంది.

మార్కుల దగ్గర ఈ మాట నిజంగా సరిపోతుందో లేదో ముందు చూసుకోవాలి. 20 మార్కుల టెస్టులు ఐదు పెట్టారనుకుందాం. 17, 9, 18, 8, 16 వస్తే అది ఇన్‌కన్సిస్టెంట్. 17, 15, 12, 10, 8 వస్తే కాదు, అది దిగజారడం. దానికి వేరే మందు. ఇక 9, 8, 9, 8, 9 వస్తే అది పక్కా కన్సిస్టెంట్! కన్సిస్టెంట్ అంటే బాగా చదవడమని చాలామంది అనుకుంటారు. ఆ మాటకు బాగుతో సంబంధం లేదు, రోజూ ఆలస్యంగా వచ్చేవాణ్ణి కూడా "కన్సిస్టెంట్లీ లేట్" అనే అంటారు.

అందుకే పీటీఎంలో తలూపి వచ్చేయకుండా రెండు ప్రశ్నలడగాలి: ఏ పాఠాల్లో? టెస్టుల్లోనా, హోంవర్క్‌లోనా? ఇంటికొచ్చాక ఆ 9, 8 వచ్చిన పేపర్లు తీసి, పోయిన ప్రతి మార్కు పక్కన ఎందుకు పోయిందో పెన్సిల్‌తో రాయాలి: తెలియక, తొందరలో, ప్రశ్న అర్థం కాక. మూడోదే ఎక్కువైతే ఆ లెక్కను తెలుగులో నోటితో అడిగి చూడండి. "ఎట్ లీస్ట్", "హౌ మెనీ మోర్" లాంటి చోట ఆగిపోయిన పిల్ల, "రాము దగ్గర సీతకన్నా ఎన్ని ఎక్కువ ఉన్నాయమ్మా?" అంటే టక్కున చెప్పిందంటే లెక్క వచ్చినట్టే. అడ్డం పడింది ఇంగ్లీషు వాక్యం. అప్పుడు ట్యూషన్ పెట్టాల్సింది లెక్కలకు కాదు.

ఇడ్లీపిండి సంగతీ ఇంతే. మే నెలలో 8 గంటల్లో పొంగే పిండి, బెంగళూరు డిసెంబరు చలికి 12 గంటలైనా పొంగకపోవచ్చు. కారణం చలి అని తెలిశాక పిండిని తిట్టం, గిన్నెను వెచ్చటి చోటికి జరుపుతాం. పిండి మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. వంటింట్లో "కన్సిస్టెన్సీ" అంటే చిక్కదనం, జారుడు. దోసెపిండి పల్చనైతే దాన్ని ఇన్‌కన్సిస్టెంట్ అనరు, రన్నీ అంటారు. పిల్లలు ఇక్కడ తికమకపడతారు. "అన్‌కన్సిస్టెంట్" అనడం కూడా మామూలే. ముందు వచ్చేది "ఇన్", పలికేటప్పుడు ఒత్తు "సిస్" మీద పడాలి.

దగ్గరి మాటలు కొన్ని ఉన్నాయి. అవి ఒకదాని బదులు ఒకటి పనికిరావు. బెంగళూరు సిల్క్‌బోర్డు కూడలి దగ్గర అటూ ఇటూ కోసుకుంటూ పోయే బైకు ఎర్రాటిక్, ఎటు తిరుగుతుందో చెప్పలేం. లిఫ్టులో వచ్చీ పోయే సిగ్నల్ ప్యాచీ. మానేసి మానేసి స్కూలుకు రావడం ఇర్రెగ్యులర్. ఫికిల్ మాత్రం మనసుకు తగిలే మాట, అంటే చపలచిత్తం. మన "నిలకడలేనివాడు" దీనికే దగ్గర. మార్కులకు దీన్ని వాడరు.

పిల్లలకు మాట గుర్తుండాలంటే మూలం చూపించడం మంచిది. లాటిన్‌లో "సిస్టెరె" అంటే నిలబడడం, నిలబెట్టడం. సంస్కృతంలో దాని తోబుట్టువు "తిష్ఠతి", ఆ వైపు నుంచి వచ్చిందే మనం వాడే తిష్ఠ వేయడం. తెలుగు "నిలకడ" వేరే కుటుంబం, కానీ దానిలోనూ ఉన్నది నిలబడడమే. బెంగళూరు నమ్మ మెట్రోలో "ముందిన నిల్దాణ" (తర్వాతి స్టేషన్) అని కన్నడంలో వినబడినప్పుడు ఆ "నిల్" ఎక్కడ విన్నామో అడగండి. తెలుగులో నిలు, కన్నడంలో నిల్లు, తమిళంలో నిల్. చెన్నైలో పెరిగే పిల్లలకూ ఇది ఇట్టే పట్టుబడుతుంది.

ఒక రోజు ఈ మాట తిరిగి మన మీదికే వస్తుంది. భోజనాల దగ్గర ఫోన్ వద్దని వారమంతా చెప్పి, ఆదివారం మనమే ఆఫీసు మెసేజ్ చూస్తాం. "మమ్మీ, యూ ఆర్ సో ఇన్‌కన్సిస్టెంట్!" అంటుంది పిల్ల. కోప్పడాల్సిన పనిలేదు, తను గమనించింది నిజం. కాకపోతే వేలు మనిషి వైపు కాకుండా మాట వైపు చూపించడం నేర్పాలి. ఇంగ్లీషులో "దట్స్ ఇన్‌కన్సిస్టెంట్ విత్ వాట్ యూ సెడ్" అంటే సరిపోతుంది. తెలుగులో అమ్మతో అయితే "నిన్న వద్దన్నావు కదమ్మా", నాన్నతో అయితే "నిన్న వద్దన్నారు కదా నాన్నా". ఆ తర్వాత ఫోన్ పక్కన పెట్టడం మన వంతు.