తుపాకీ తీసేసుకునే చట్టం సరే, ఆ చట్టం వాడటం ఎవరికొచ్చు?

అమెరికాలో రెడ్ ఫ్లాగ్ చట్టాల మాటెత్తితే చాలు, తుపాకీ హక్కు గురించి కొట్లాట మొదలవుతుంది. ఆ చట్టాన్ని వాడాల్సినవాళ్లకు ఎవరైనా సరిగ్గా నేర్పారా అని అడిగేవాళ్లే తక్కువ.

చచ్చిపోతాననో, చంపేస్తాననో అంటున్న మనిషి దగ్గర తుపాకీ ఉంటే, ఈ చట్టాల కింద జడ్జి ఉత్తర్వుతో కొంతకాలం దాన్ని తీసేసుకోవచ్చు, మళ్లీ కొనకుండా ఆపొచ్చు. ఇది క్రిమినల్ కేసు కాదు. కనెటికట్ రాష్ట్రం 1999లోనే ఇలాంటి చట్టం తెచ్చింది.

ఇలినాయ్‌లో 2019 జనవరి నుంచీ ఈ చట్టం ఉంది. అదే ఏడాది సెప్టెంబరులో అక్కడి ఊరైన హైలాండ్ పార్క్‌లో ఒక కుర్రాడు అందర్నీ చంపేస్తానంటున్నాడని ఇంట్లోవాళ్లే చెబితే, పోలీసులు వెళ్లి 16 కత్తులు తీసుకెళ్లారు. కోర్టుకు మాత్రం ఎవరూ వెళ్లలేదు. తర్వాత అతను తుపాకులు కొన్నాడు, 2022 జులై 4న స్వాతంత్ర్య దినోత్సవ పరేడ్ మీద కాల్పులు జరిపితే ఏడుగురు పోయారు. అప్పుడు కోర్టుకు వెళ్లి ఉంటే ఆగేదా అంటే ఎవరూ చెప్పలేరు, కానీ చేతిలో ఉన్న దారి ఎవరూ తొక్కలేదన్నది నిజం.

2022 జూన్‌లో వచ్చిన ఫెడరల్ చట్టంతో రాష్ట్రాలకు ఈ పనికి డబ్బు దారి దొరికింది, 2024 మార్చిలో న్యాయశాఖ జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీ‌తో కలిసి పోలీసులకు, లాయర్లకు, జడ్జిలకు, డాక్టర్లకు శిక్షణ ఇచ్చే కేంద్రాన్ని ప్రకటించింది. మంచిదే. కానీ అందరికీ ఒకే స్లైడ్లు చూపిస్తే కుదరదు: ఫ్లోరిడాలో పోలీసులే పిటిషన్ వెయ్యాలి, మేరీల్యాండ్‌లో డాక్టర్లు కూడా వెయ్యొచ్చు.

ఇంకో సంగతి, అమెరికాలో తుపాకీ చావుల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. అంటే పోలీసు తలుపు కొట్టేది చాలాసార్లు నేరస్థుడి ఇల్లు కాదు, కుంగిపోయిన మనిషి ఇల్లు. “మిమ్మల్ని అరెస్టు చెయ్యడానికి రాలేదండీ, విచారణ అయ్యేదాకా ఇవి మా దగ్గరుంటాయి, ఇదిగో రసీదు” అని నెమ్మదిగా చెప్పడం పుస్తకం చదివితే రాదు, ఒకరు ఇంటాయనగా, ఒకరు పోలీసుగా నిలబడి పదిసార్లు ప్రాక్టీస్ చెయ్యాల్సిందే.

నన్నడిగితే, ఇంట్లోవాళ్లు నేరుగా పిటిషన్ వేసుకోగల రాష్ట్రాల్లో మొదటి క్లాసు కోర్టు కౌంటర్ దగ్గర కూర్చునే గుమస్తాకు పెట్టాలి. కొడుకు గురించి భయపడి వచ్చిన తల్లికి ముందు ఎదురయ్యేది ఆ మనిషే, “ఇది మా పని కాదు, పోలీస్ స్టేషన్‌కు వెళ్లండి” అని తిప్పి పంపితే ఆవిడ మళ్లీ వస్తుందని నాకు నమ్మకం లేదు.