నిమ్మగడ్డి నాటాలంటే కాడ మొదలు చూసి కొనండి

నిమ్మగడ్డి కట్ట కొనేటప్పుడు పచ్చగా ఉందా, వాసన వస్తోందా అని చూస్తాం. టీకో సూపుకో అయితే అది చాలు. నాటడానికైతే కట్టను తిరగేసి మొదలు చూడాలి. ఉల్లిపాయకు వేళ్లు పుట్టే చోట ఉన్నట్టే, కాడ అడుగున గట్టి బిళ్లలాంటి భాగం ఒకటి ఉంటుంది. వేరు పుట్టేది అక్కడే. శుభ్రంగా కనబడాలని అమ్మేవాళ్లు చాలాసార్లు దాన్ని కోసేస్తారు. అడుగున ఒట్టి పొరల చుట్లే కనిపిస్తే ఆ కాడ నాటడానికి పనికిరాదు, ఎన్నాళ్లు నీళ్లలో పెట్టినా కుళ్లడమే. ఎండు వేళ్ల మొదళ్లు వేలికి గరుకుగా తగిలితే అలాంటిది వదలొద్దు. ఫ్రీజర్‌లో గడ్డకట్టించి అమ్మేవి అసలే మొలవవు.

నాలుగైదు కాడలు పెట్టండి, ఒకటి రెండు పోవడం మామూలే. పై ఆకులు కోసి కాడను జానెడు ఉంచండి. వేళ్లు లేకుండా అంత ఆకుకు నీరందదు, కాడ వాడిపోతుంది. ఎండిన పైపొరలు తీసేయండి, నీళ్లలో ముందు కుళ్లేవి అవే. గ్లాసులో నీళ్లు 2-3 సెంటీమీటర్లు మించొద్దు. రోజు విడిచి రోజు మార్చాలి. వెలుతురు బాగా ఉండాలి, ఎండ నేరుగా తగలకూడదు.

కొద్ది రోజుల్లోనే కాడ మధ్యలోంచి లేతాకు అంగుళం పైకొస్తుంది. అది చూసి మట్టిలో పెట్టేయకండి. ఆ ఆకు కాడలో మిగిలిన సత్తువతో వచ్చింది, అడుగున ఇంకా ఏమీ ఉండదు. తెల్లటి వేళ్లు రెండంగుళాలు సాగేదాకా ఆగాలి. అందుకు వారం నుంచి మూడు వారాలు పడుతుంది. ఈలోపు మొదలు జిగటగా మారితే కుళాయి కింద కడిగి, ఆ పొర ఒలిచేయండి. నొక్కితే మెత్తగా దిగబడే కాడను మాత్రం పారేయాల్సిందే.

కుండీ కనీసం 12 అంగుళాలది కావాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలపండి. కాడను అంగుళం లోతున నాటండి. ఇంకా కిందికి దించితే నడిమొవ్వులో తడి నిలిచి కుళ్లుతుంది. నాలుగైదు రోజులు నీడన ఉంచి, తర్వాత రోజుకు ఆరు గంటల ఎండ తగలనివ్వండి. నీడలో పెరిగిన ఆకు సన్నగా సాగుతుందే తప్ప ఘాటుగా ఉండదు. నెలకోసారి గుప్పెడు వర్మికంపోస్ట్ చాలు.

మూడు నెలలకు ఆకు కోసుకోవచ్చు, మొదట్నుంచి నాలుగైదు అంగుళాలు వదిలి కోయండి. అంచులు బ్లేడులా ఉంటాయి, ఆకును గుప్పిట్లో పట్టి లాగితే చెయ్యి తెగుతుంది. ఈ మొక్క ఉంటే దోమలు రావని కొనేవాళ్లున్నారు. నూనె ఆకు లోపల ఉంటుంది, నలిపితేనే బయటికొస్తుంది. ఊరికే కుండీ పెట్టినంత మాత్రాన దోమలు పోవు.

మంచు కురిసే దేశాల్లో ఉన్నవాళ్లు చలి ముదరక ముందే ఆకులు కత్తిరించి కుండీని ఇంట్లో ఎండ పడే కిటికీ దగ్గరికి చేర్చాలి, నీళ్లు బాగా తగ్గించాలి.

నీళ్లు సరిగ్గా పోస్తున్నా ఆకు కొసలు ఎండుతుంటే కుండీ అడుగు చూడండి. రంధ్రాల్లోంచి వేళ్లు బయటికొస్తుంటే కుదురుకు చోటు చాలడం లేదని అర్థం. కుదురును బయటికి తీసి, ప్రతి పిలకకూ వేళ్లు ఉండేలా కత్తితో విడదీయండి. వీటిని గ్లాసులో పెట్టే పనిలేదు, నేరుగా మట్టిలో నాటుకోవచ్చు.