డెలివరీ వ్యాను ఇల్లవుతోంది: చెమ్మ లెక్క తేలాకే చెక్క పని

ఒడిశాలోని పర్లాకిమిడి శివారు షెడ్డులో పని ఇక్కడిదాకా వచ్చింది: నేలకు పట్టిన తుప్పు వదిలింది, రూఫు ఫ్యాను కూర్చుంది, వైర్లు గోడల్లోకి వెళ్లాయి, ఇన్సులేషన్ గోడలకు పూర్తయి రూఫుకు సగం అంటింది. చెక్క ఇంకా ముట్టలేదు. ముట్టకూడదు కూడా.

బండి ఇంతకాలం చిలికా వైపు నుంచి రొయ్యల పెట్టెలు మోసిన హైరూఫ్ డెలివరీ వ్యాను. లోపల పొడవు 10 అడుగులు, వెడల్పు 5 అడుగుల 8 అంగుళాలు, ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు. ఇద్దరు ఏడాది పొడుగునా అందులోనే ఉండాలి. గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో బండిలో కాపురం అంటే ఎండ కంటే చెమ్మతోనే ఎక్కువ పేచీ. జూన్‌లో పట్టుకున్న ముసురు అక్టోబరు తుపాన్ల దాకా వదలదు. అది పోయిందనుకునేసరికి కొరాపుట్ కొండల మీద మంచు మొదలవుతుంది. లోపల వెచ్చగా, బయట చల్లగా ఉన్న ప్రతి రాత్రీ రేకు లోపలివైపు చెమరుస్తుంది. అందుకే ఏ వస్తువు కొన్నా ముందు తడిస్తే ఏమవుతుందో చూసుకుంటున్నాం. ధర ఆ తర్వాత.

నేలతో మొదలు. రొయ్యల పెట్టెల నుంచి కారిన ఉప్పునీరు పాత ప్లైవుడ్ కింద చేరి, రేకు గాడుల్లో ఎర్రగా పొక్కులు కట్టింది. చాలామంది ఇక్కడే గ్రైండర్ పట్టి, రెడాక్సైడ్ కొట్టి మూసేస్తారు. తుప్పు గుంటల్లో ఉప్పు మిగిలిపోతే అది గాలిలోని తేమను లాక్కుని, పైన ఎంత మంచి పెయింటున్నా నెలల్లోనే పొక్కించేస్తుంది. కాబట్టి వైర్ కప్ బ్రష్‌తో గీకాక మంచినీళ్లతో బాగా కడిగి, ఆరబెట్టి, మళ్లీ గీకి, మళ్లీ కడగాలి. ఆ తర్వాతే రస్ట్ కన్వర్టర్, అంటే మిగిలిన తుప్పును గట్టి నల్లటి పొరగా మార్చే ద్రవం. గోధుమరంగు నల్లబడ్డాక ఎపాక్సీ ప్రైమర్ రెండు కోట్లు, దానిపైన పీయూ (పాలీయురెథేన్) పెయింటు. ఈ నేలకు ప్రైమర్ లీటరు పైచిలుకు పట్టింది. స్క్రూడ్రైవర్ మొనతో పొడిస్తే దిగిపోయిన చోట లప్పం పెట్టకుండా, కుళ్లిన రేకు కోసేసి 18 గేజి రేకు వెల్డింగ్ చేయించాలి. తలుపుల అడుగున, పక్క గాడుల చివర నీరు పోవడానికి కంపెనీ పెట్టిన చిన్న బెజ్జాలుంటాయి. వాటిని పెయింటుతో గానీ సీలెంటుతో గానీ మూయకూడదు. మూస్తే తలుపు లోపలే చెరువు తయారవుతుంది.

రూఫు ఫ్యానుకు 14 అంగుళాల చదరం కోత. రూఫు రేకు నునుపుగా ఉండదు, నిలువు గాడులుంటాయి. ఫ్యాను అంచు గాడుల మీద కూర్చుంటే కింద సందులు మిగులుతాయి. ఆ సందులు సీలెంటు ముద్దతో నింపితే ఎండకు సాగి, చలికి ముడుచుకుని ఒక వర్షాకాలం దాటాక కారడం ఖాయం. గాడి లోతుకు సరిపడా అల్యూమినియం పట్టీలు కోసి ముందు గాడులను సమం చేసి, ఆపైన బ్యూటైల్ టేపు (మెత్తగా సాగే జిగురు రబ్బరు పట్టీ), బిగించాక చుట్టూ పాలీయురెథేన్ సీలెంటు వేశాం. పులుపు వాసన కొట్టే సిలికాన్ ఈ పనికి అసలు వద్దు. అది ఆరేటప్పుడు వదిలే ఆమ్లం కోత అంచున బయటపడిన ఇనుమును తుప్పు పట్టిస్తుంది. కోత కోయగానే అంచుకు ప్రైమర్ వేయడం మరవొద్దు. గ్రైండర్ రవ్వలు రూఫు మీద పడి రాత్రికి రాత్రే చుక్కలు చుక్కలుగా తుప్పు లేస్తుంది. ముందే తడి గోనె పరిస్తే సగం బాధ తప్పుతుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా మీద పడ్డప్పుడు వాన ఎలా కొట్టిందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. అలాంటి గాలికి నీరు అడ్డంగా, కింది నుంచి పైకి కూడా దూరుతుంది. అందుకని లీకు పరీక్షలో పైనుంచి నీళ్లు పోస్తే చాలదు. కిటికీ కింది అంచుకు, ఫ్యాను మూత పక్కలకు పైపు గురిపెట్టి అరగంట కొట్టాలి. లోపల ఒకరు పొడి గుడ్డతో తడుముతూ ఉండాలి.

ఇన్సులేషన్ దగ్గర మాత్రం తొందరపడకండి. మేం వేస్తున్నది 19 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బరు, వెనక జిగురున్న రకం. ఏసీ డక్టులు చేసేవాళ్ల దగ్గర రోల్స్‌గా దొరుకుతుంది. గోడలు, రూఫు, తలుపులు కలిపి 190 చదరపు అడుగులు వచ్చాయి, కోతల వృథా కలుపుకుని 220 తీసుకోవాలి. దీని లోపలి గదులన్నీ మూసుకుని ఉంటాయి, తేమ దూరదు. రేకుకు పూర్తిగా అతుక్కుంటే మధ్యలో గాలి ఉండదు, గాలి లేనిచోట చెమర్చడానికి నీరే ఉండదు. గ్లాస్‌ఊల్ చవకే గానీ ఒకసారి తడిసిందంటే గోడ అడుగుకు జారి స్పాంజిలా కూర్చుంటుంది. థర్మకోల్ ఒంపులకు వంగదు, ఘాట్ రోడ్డు మీద కీచుమంటూనే ఉంటుంది. వెండి రేకు షీటు ఒక్కటే అంటిస్తే లాభం లేదు. దాని ముందు గాలి సందు ఉంటేనే అది వేడిని తిప్పికొడుతుంది.

జిగురు పట్టాలంటే రేకును థిన్నర్‌తో తుడిచి, మధ్యాహ్నం రేకు కాలుతున్నప్పుడు గానీ ముసురులో గానీ కాకుండా ఉదయం పూట అంటించాలి. రూఫుకు ఆ వెనక జిగురొక్కటే చాలదు. మే నెల ఎండకు మెత్తబడి షీటు బరువుకే మధ్యలో బొజ్జలా వేలాడుతుంది. వేడికి ఆగే స్ప్రే జిగురు రెండు వైపులా కొట్టి, పది నిమిషాలు ఆరనిచ్చి, మధ్య నుంచి అంచులకు రోలర్‌తో నొక్కుతున్నాం. అతుకులన్నిటికీ అదే రబ్బరు టేపు. ఇనుప దూలాలను వదిలేయకూడదు. గోడంతా కప్పి దూలం వదిలితే నీరంతా దాని మీదే కడుతుంది. వాటికి 6 మిల్లీమీటర్ల షీటు చుట్టాం. దూలాల బోలు లోపలికి ఫోమ్ స్ప్రే కొట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వినొద్దు. అది ఉబ్బి రేకును బయటికి తోస్తుంది, నీరు పోయే దారి మూస్తుంది.

ఇన్ని చేసినా తేమ లోపలే పుడుతుంది. నిద్రపోయే ఇద్దరి ఊపిరే రాత్రికి సుమారు అర లీటరు నీరు. దానికి అన్నం ఆవిరి తోడైతే గోడలు తడవక మానవు. ఫ్యాను కిటికీకి ఎదురు మూలన ఉండాలి, వండేటప్పుడు బయటికి లాగే వైపు తిరగాలి, కిటికీ రెండు అంగుళాలైనా తెరిచి ఉండాలి. గాలి లోపలికి వచ్చే దారి లేకుండా ఫ్యాను ఎంత తిరిగినా ఉత్తదే. ఈ ప్రాంతపు తిండి ఇక్కడ కలిసొస్తుంది: పొద్దున్నే ఒకసారి వండి రాత్రికి పఖాళో (ఒడియావాళ్ల నీళ్లన్నం) చద్దన్నమో తింటే, తలుపులు మూసుకునే వేళకు లోపల ఆవిరి ఉండదు. పొయ్యికి 5 కిలోల సిలిండరు. గ్యాసు గాలి కంటే బరువు కాబట్టి సిలిండరు పెట్టె అడుగున నేరుగా బయటికి రెండంగుళాల బెజ్జం ఉండాలి, లీకు అలారం నేలకు అరడుగు ఎత్తులోనే పెట్టాలి.

కరెంటు లెక్క: 40 లీటర్ల 12 వోల్టుల ఫ్రిజ్‌కు వేసవిలో రోజుకు 450 వాట్‌అవర్లు, తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యానుకు 280, లైట్లు, పంపు, ఫోన్లు, ల్యాప్‌టాప్ కలిపి 300. మొత్తం వెయ్యి దాటుతుంది. 12.8 వోల్టుల 200 ఆంపియర్ అవర్ల ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీలో 2,560 వాట్‌అవర్లు ఉంటుంది, రెండు రోజుల ముసురుకు చాలు. రూఫు మీద 180 వాట్ల ప్యానెళ్లు రెండు, పారలల్‌లో కలిపాం. చెట్ల కింద ఆపినప్పుడు ఒకదాని మీద నీడ పడినా రెండోది తన పని తాను చేసుకుపోతుంది. కరెంటు ఎక్కువ గనక 6 చదరపు మిల్లీమీటర్ల వైరు తప్పదు. ఆషాఢ శ్రావణాల్లో ప్యానెళ్లను నమ్ముకోలేం. బండి నడిచేటప్పుడు ఇంజిను బ్యాటరీ వైపు నుంచి ఇంటి బ్యాటరీని నింపే 30 ఆంపియర్ల డీసీ టు డీసీ చార్జరు పెడితే రెండు గంటల ప్రయాణానికి 800 వాట్‌అవర్ల దాకా వస్తుంది. దాని వైరుకు రెండు చివరలా ఫ్యూజులుండాలి, ఎందుకంటే రెండు వైపులా బ్యాటరీలే. లగ్గులను (వైరు చివర తొడిగే లోహపు కొనలు) హైడ్రాలిక్ క్రింపర్‌తోనే నొక్కించాలి. టంకం పెడితే వైరు అక్కడ బిరుసెక్కి అదురుకు తెగుతుంది.

చెక్క ఎంపిక బరువును బట్టి. ఐఎస్ 710 (నీటికి తట్టుకునే ప్లైకి భారత ప్రమాణం) మెరైన్ ప్లై 8×4 షీటు 18 మిల్లీమీటర్లదైతే సుమారు 37 కిలోలు, 12దైతే 25, 9దైతే 19. నేలకు 12, అలమారాలకు 9, మంచం ఫ్రేము మటుకు ఇనుప చదరపు గొట్టం. కోసిన ప్రతి అంచుకూ ఎపాక్సీ రెండు కోట్లు. నీరు తాగేది అంచు నుంచే. 60 లీటర్ల నీళ్ల ట్యాంకు ఎడమ, బ్యాటరీ, సిలిండరు కుడి. కాటా మీద ఒక పక్క చక్రాలే ఎక్కించి తూచి, రెండు వైపులా తేడా చూసుకోవాలి.

కాగితాలు చెక్కకంటే ముందు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, కాబట్టి ఏది మార్చవచ్చో ఆర్‌టీఓ దగ్గర ముందే తేల్చుకోవాలి. ఇన్సూరెన్సు వాళ్లకూ రాతపూర్వకంగా చెప్పాలి, లేకపోతే క్లెయిము దగ్గర చిక్కు.

రూఫు మిగతా సగం అయ్యాక ఫ్రేములు బిగించి, ప్యానెళ్లు మూయకుండానే సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కించి దింపాలి. ట్యాంకు నిండుగా ఉండాలి. ప్రతి బోల్టు తల మీదా, నట్టు మీదా కలిపి ఒక గీత పెయింటు గీస్తే, దిగాక గీత తప్పినవేవో చూడగానే తెలుస్తాయి. వాటికి మామూలు నట్లు తీసి నైలాక్ (అదురుకు వదులవకుండా లోపల నైలాన్ రింగున్న నట్టు) వేయాలి. రేకుకు నేరుగా బిగించినవి వదులైతే స్క్రూ మార్చి లాభం లేదు, రివ్‌నట్ (రేకు బెజ్జంలో బిగుసుకుని బోల్టుకు మర ఇచ్చే నట్టు) కొట్టాల్సిందే. పంపు దగ్గర పైపు క్లిప్పులు, వైర్లు దూలం దాటే చోట రబ్బరు గ్రొమెట్లు చేత్తో తడిమి చూసుకున్నాకే గోడలు మూత.