మిద్దె మీద రెండు బ్యాటరీలు

విల్లివాక్కంలో మా ఇంటి మిద్దె మీద ఒక గది ఉంది. కింది మీటరు నుంచి దానికి వైరు లాగలేదు. కావాలనే లాగలేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వానలకి మా వీధిలో మూడు రోజులు కరెంటు లేదు. కింద ఉన్న ఇన్వర్టర్ మొదటి రాత్రికే చేతులెత్తేసింది. నీళ్లు తీశాక చేసిన మొదటి పని, పైన రెండు సోలార్ ప్యానెళ్లు, వాటి కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు అదుపు చేసి ఎక్కించే ఛార్జ్ కంట్రోలర్ ఒకటి, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) ట్యూబులర్ బ్యాటరీ, అంటే నీళ్లు పోసే యాసిడ్ బ్యాటరీ, పెట్టించడం. రెండు డీసీ ఫ్యాన్లు, నాలుగు లైట్లు, ఫోన్లకి ఒక సాకెట్. అంతే సంసారం.

నేను ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో, ముప్పై ఏళ్లు కోచ్ వైరింగ్ చేసి రిటైరయ్యాను. పెట్టెల కింద ఉండే బ్యాటరీలు, 110 వోల్టుల డీసీ, వీటితోనే ఉద్యోగం గడిచింది. బ్యాటరీ గురించి నాకు ఇంకొకరు చెప్పాలా అన్న పొగరు కాస్త ఉండేది.

మొన్న సంక్రాంతికి మా అక్క కొడుకు బెంగళూరు నుంచి వస్తూ డిక్కీలో 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ ఒకటి తెచ్చాడు. వాడి పనే ఈవీ బ్యాటరీలు. ఒంటి చేత్తో పట్టుకుని మెట్లెక్కేశాడు. నా ట్యూబులర్‌ని పైకి చేర్చడానికి ఇద్దరు మనుషులు, ఒక తాడు కావలసి వచ్చింది.

“మామా, దీనికి నీళ్లు పొయ్యక్కర్లేదు. కంట్రోలర్‌లో బ్యాటరీ టైపు మాత్రం మార్చు, మర్చిపోవద్దు” అన్నాడు. కనుమ నాడు కాకైనా కదలదురా అంటే వినకుండా ఆ రోజే బయల్దేరిపోయాడు. వాడు నా మాట వినలేదు, నేను వాడి మాట వినలేదు. పన్నెండు వోల్టులంటే పన్నెండు వోల్టులే కదా అనుకుని, ట్యూబులర్ తీసేసి అదే వైర్లకి లిథియం తగిలించాను. టైపు ‘ఫ్లడెడ్’ మీదే, అంటే నీళ్లు పోసే యాసిడ్ బ్యాటరీ మీదే, ఉండిపోయింది.

నాలుగు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. ఐదో వారంలో ఒకరోజు మిట్టమధ్యాహ్నం పైన బట్టలు ఆరేస్తున్న మా ఆవిడ కేకేసింది. “ఏమండీ, మీ ఫ్యాను హెలికాప్టరులా తిరుగుతోంది!” నేను పైకి వెళ్లేసరికి తిరగడం మానేసింది. మోటారు పైన కప్పు నుంచి సన్నగా పొగ, బేకలైట్ కాలిన వాసన. మల్టీమీటర్ పెడితే 19 దాటి ఊగుతోంది. పన్నెండు వోల్టుల లైన్లో!

జరిగింది ఇది. ఫ్లడెడ్ సెట్టింగ్‌లో ఆ కంట్రోలర్ 28 రోజులకోసారి తనంతట తానే ఈక్వలైజ్ చేస్తుంది. యాసిడ్ బ్యాటరీలో చిక్కటి యాసిడ్ అడుక్కి చేరుతుంది, పలచనిది పైన ఉంటుంది. అందుకని అప్పుడప్పుడూ 14.8, 15 వోల్టుల దాకా ఎక్కించి బుడగలు తెప్పిస్తే మొత్తం కలుస్తుంది, వెనకబడిన సెల్లు కూడా అందుకుంటుంది. ట్యూబులర్‌కి అది మందు. నా లిథియం బ్యాటరీ రకం లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అందులో కలపడానికి యాసిడే లేదు. లోపల నాలుగు సెల్లులు వరసగా ఉంటాయి, ఒక్కోదానికి 3.65 వోల్టులు హద్దు. మొత్తం 14.6. అది దాటబోతే లోపలున్న బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపాడే సర్క్యూట్, ఛార్జింగ్ దారి మూసేస్తుంది.

మూసేసి తనని తాను కాపాడుకుంది. తప్పు దానిది కాదు. ప్యానెల్ వోల్టేజీని పన్నెండు పధ్నాలుగు మధ్య పట్టి ఉంచేది బ్యాటరీయే. అది తప్పుకోగానే, ప్యానెల్‌ని బ్యాటరీకి నేరుగా కలిపి తీసే నా చవక రకం (పీడబ్ల్యూఎం) కంట్రోలర్ ఆ వోల్టేజీని ఆపలేక ప్యానెల్‌లో ఉన్నదంతా ఫ్యాను మీదకి వదిలింది. ఒక ఫ్యాను బోర్డు, రెండు ఎల్ఈడీ బల్బులు పోయాయి. మేనల్లుడికి ఫోన్ చేస్తే నవ్వలేదు, అదొక్కటే ఊరట.

ఆ రాత్రి మాన్యువల్ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ట్యూబులర్‌కి 14.4 దాకా ఎక్కించి, అక్కడే రెండు మూడు గంటలు నిలబెట్టి, తర్వాత 13.6 దగ్గర ఫ్లోట్‌లో, అంటే నిండినది తగ్గకుండా, ఉంచాలి. యాసిడ్ జెల్లీలా ఉండే జెల్ బ్యాటరీ అయితే 14.1 దగ్గర ఆపాలి, ఈక్వలైజ్ జోలికే పోకూడదు, జెల్‌లో ఒకసారి బుడగ ఏర్పడితే అది పోదు. లిథియంకి 14.2 చాలు, అక్కడ ఎక్కువసేపు నిలబెట్టే పనే లేదు. అంకెలు చూస్తే అర వోల్టు తేడా కూడా లేదు. కానీ ముప్పై ఏళ్లు నాకు తలకెక్కని సంగతి ఆ అంకెల వెనక ఉంది. యాసిడ్ బ్యాటరీకి రోజూ కడుపు నిండాలి. సగం ఆకలితో పడుకోబెడితే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, మెల్లగా చచ్చిపోతుంది. లిథియంకి ఆ పట్టింపు లేదు. సగంలో వదిలేస్తే దానికి ఇంకా హాయి.

చెన్నైలో ఇది ఎక్కడ తెలుస్తుందంటే, అక్టోబరు దాటాక ఈశాన్య రుతుపవనం వానల్లో. ట్యూబులర్ 80 శాతం దాకా చకచకా నిండుతుంది, మిగతా 20 కి మూడు నాలుగు గంటలు తీసుకుంటుంది. మధ్యాహ్నం రెండింటికి మబ్బు పట్టిందంటే ఆ చివరి 20 ఆ రోజుకి లేనట్టే. వారం రోజులు అలాగే గడిస్తే గ్రావిటీ, అంటే యాసిడ్ చిక్కదనం, పడిపోతుంది. లిథియం ఎంత ఎండ దొరికితే అంత మింగి ఊరుకుంటుంది.

ఎండాకాలం సంగతి వేరు. మేలో మా మిద్దె గదిలో బ్యాటరీ వేడెక్కిపోతుంది, 40 దాటుతుంది. మాన్యువల్లో రాసిన 14.4 అనేది 25 డిగ్రీల దగ్గరి లెక్క. వేడి పెరిగితే సెల్లుకి డిగ్రీకి 4 మిల్లీవోల్టుల చొప్పున తగ్గించాలి. ఆరు సెల్లులకి 24, పదిహేను డిగ్రీల తేడాకి 0.36 వోల్టు. అంటే 14.4 కాదు, 14 దగ్గరే ఆగాలి. ఇదంతా మా ఆవిడకి చెబుతుంటే మధ్యలోనే ఆపేసింది. “ఇడ్లీ పిండి లాగానా? డిసెంబరులో రాత్రంతా ఉంచినా పొంగదు, కర్తరిలో నాలుగు గంటలకే గిన్నె దాటి పొర్లుతుంది. తీసి ఫ్రిజ్‌లో పెట్టకపోతే పులిసి చస్తుంది.” సరిగ్గా అదే. దాన్ని చూసుకోవడానికే కంట్రోలర్‌తో పాటు ఒక సెన్సర్ వైరు ఇస్తారు, బ్యాటరీకి అంటించమని. నాది అట్టపెట్టెలో, కట్టిన రబ్బరు బ్యాండు కూడా విప్పకుండా దొరికింది. రెండు వేసవులు! నెలకి లీటరు డిస్టిల్డ్ వాటర్ ఎందుకు తాగుతోందా అనుకునేవాణ్ణి. లిథియంకి మాత్రం ఈ సర్దుబాటు ఆపేయాలి. సున్నా డిగ్రీల కింద దాన్ని ఛార్జ్ చేయకూడదని కూడా రాసి ఉంది, చెన్నైలో ఆ బాధ లేదు.

రెండింటినీ ఒకే లైనుకి కలిపేస్తే అని కూడా ఆలోచించాను. వద్దనుకున్నాను. ఏ సెట్టింగ్ పెట్టినా ఒకదానికి అన్యాయమే. ఇప్పుడు ప్యానెల్‌కొక కంట్రోలర్, కంట్రోలర్‌కొక బ్యాటరీ. రిచ్చీ స్ట్రీట్‌లో లిథియం కోసం ఎంపీపీటీ అనే ఇంకో రకం కంట్రోలర్ ఒకటి కొన్నాను. ఫ్యాన్లు లిథియం మీద, లైట్లు ట్యూబులర్ మీద. ఒక్క చిక్కు మిగిలింది. యాసిడ్ బ్యాటరీ 12.7 అంటే నిండుగా, 12.2 అంటే సగం అని చూడగానే చెప్పేవాణ్ణి. లిథియం ముప్పావు వంతున్నా 13.2, సగానికి దిగినా దాదాపు అంతే చూపిస్తుంది. దాని మొహం చూసి ఏమీ చెప్పలేం. ఎక్కిన కరెంటుని, దిగిన కరెంటుని లెక్కపెట్టే షంట్ మీటరు పెట్టించుకో మామా అంటున్నాడు వాడు. ఈసారి వింటాను.

వానలు తగ్గాయని నిన్న పొద్దున ట్యూబులర్ మూతలు తీసి గ్రావిటీ కొలిచే హైడ్రోమీటర్ పెట్టాను. ఐదు సెల్లులు 1240. మూడోది 1190. ఈక్వలైజ్ చేసి సాయంత్రం చూస్తే 1210 కి వచ్చింది. రేపు ఎండ కాస్తే ఇంకోసారి పెడతాను.